ట్యాబ్ చేతిలో ఉన్నా.. పుస్తకం తెరుచుకోదు!

* చదివే పరికరాలపై యాప్‌ల ఆంక్షలు
* కొనేముందే తెలుసుకుంటే సొమ్ము దక్కుతుంది
* గ్రంథాలయాల్లో పాఠకులకు సలహా అవసరం

ఉప్పునుంతల : అరచేతి వెడల్పు పలకలో వెయ్యి గ్రంథాలు ఇముడుతాయన్న ఆశతో ఉప్పునుంతల మండలానికి చెందిన ఓ నిరుద్యోగ యువకుడు ఇటీవల వాడిన ట్యాబ్ ఒకటి కొన్నాడు. గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమవుతున్న అతనికి తండ్రి పత్తి అమ్మిన సొమ్ములో నుంచి నాలుగు వేల రూపాయలు తీసి ఇచ్చాడు. హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని కోచింగ్‌కు వెళ్లే స్తోమత లేదు కనుక ఇంటి దగ్గరే చదువుకుంటానన్నది అతని ఆలోచన. తీరా తెరిచి చూస్తే ట్యాబ్‌లో ప్లే స్టోర్ లేదు. కావలసిన యాప్ పేరు టైపు చేస్తే కనిపించలేదు. మిత్రుని ఫోన్‌లో చక్కగా పనిచేస్తున్న పుస్తకాల యాప్ ఇందులో ఎక్కలేదు. రెండు రోజులు తంటాలు పడి, సమీప పట్టణంలోని గ్రంథాలయానికి వెళ్లి గ్రంథపాలకుని బల్లమీద ఆ ట్యాబ్ పెట్టాడు. "మంచిగనే నడుస్తుంది సార్, నాకు కావాల్సిందే ఎక్కుతలేదు" అన్నాడు.

ట్యాబ్ చెడిపోలేదు. అమ్మినవాడు పాడైన వస్తువును అంటగట్టనూ లేదు. తయారుచేసిన సంస్థే దానిని ఆ విధంగా నిర్మించింది. తన దుకాణంలో దొరికే యాప్‌లు, తాను అమ్మే పుస్తకాలు మాత్రమే సులువుగా తెరుచుకునేలా, మిగిలినవాటికి దారి కష్టమయ్యేలా ఏర్పాటు చేసింది. ఈ సంగతి తెలియని చదువరులు తమకే వాడడం రాదేమోనని కుంగిపోతున్నారు. మరికొందరు మొబైల్ దుకాణాల్లో 'అన్‌లాక్' పేరిట మరింత సొమ్ము వదిలించుకుంటున్నారు. ఈ నేపథ్యంలో చదివే పరికరాలకు వేసిన తాళాలు ఎన్ని రకాలు, అవి ఎందుకు వచ్చాయి, కొనేముందు ఏమి చూడాలి, గ్రంథాలయ సిబ్బంది పాఠకులకు ఎలాంటి సలహా ఇవ్వవచ్చు అన్న విషయాలపై కథనం.

పేరు ఒకటే.. పరికరాలు మూడు

ఎలక్ట్రానిక్ పుస్తకాలు చదివే పరికరాలన్నింటినీ మనవాళ్లు 'ట్యాబ్' అనే పిలుస్తున్నారు. వాస్తవానికి ఇవి మూడు రకాలు.

మొదటిది ఈ-రీడర్. దీని తెర కాగితంలా నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఎండలోనూ చదవవచ్చు. కళ్లకు శ్రమ తక్కువ. ఒకసారి చార్జింగ్ చేస్తే రోజుల తరబడి నడుస్తుంది. అయితే చాలా ఈ-రీడర్లలో బయటి యాప్‌లు వేసుకునే వీలే ఉండదు. 2007 నవంబరులో అమెరికాలో విడుదలైన అమెజాన్ కిండిల్ ఈ కోవలోనిదే. మన దేశంలో కిండిల్ పుస్తకాల దుకాణం 2012లో మొదలైంది.

రెండోది పుస్తకాల వ్యాపారులు తయారుచేసిన రంగుల ట్యాబ్. అమెరికాలోని బార్న్స్ అండ్ నోబుల్ సంస్థ 2010 నవంబరులో నూక్ కలర్‌ను, అమెజాన్ 2011 నవంబరులో కిండిల్ ఫైర్‌ను తెచ్చాయి. వీటికి ఆధారం ఆండ్రాయిడే. కాని గూగుల్ వారి ప్లే స్టోర్‌ను తీసివేసి, ఆ చోట తమ సొంత దుకాణాన్ని ఉంచారు. కిండిల్ ఫైర్ ట్యాబ్‌లు 2013లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. పాతవి చేతులు మారుతూ, లేదా అమెరికాలో స్థిరపడిన బంధువుల సామానుతో పాటు ఇలాంటి ట్యాబ్‌లు పల్లెలకూ చేరుతున్నాయి.

మూడోది సాధారణ ఆండ్రాయిడ్ ట్యాబ్. ప్లే స్టోర్ ఉంటుంది. ఫోన్‌లో ఎక్కే యాప్ దాదాపు ఇందులోనూ ఎక్కుతుంది. కాగితం వంటి తెర ఉండి ప్లే స్టోర్ కూడా ఉన్న పరికరాలు బూక్స్ వంటి కొన్ని సంస్థలు తయారుచేస్తున్నాయి. వాటి ధర ఎక్కువ.

పైకి చూస్తే రెండో రకానికీ మూడో రకానికీ తేడా తెలియదు. ఉప్పునుంతల యువకుడు పొరబడింది ఇక్కడే.

చౌక వెనుక లెక్క

మంచి తెర, మంచి బ్యాటరీ ఉన్న ట్యాబ్ ఇతర సంస్థల కన్నా తక్కువ ధరకు ఎలా ఇవ్వగలుగుతున్నారన్న సందేహం సహజం. దీనికి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ 2012లోనే సమాధానమిచ్చారు. కిండిల్ పరికరాలను లాభం వేసుకోకుండా తయారీ ఖర్చుకే అమ్ముతున్నామని ఆయన ఒక ముఖాముఖిలో వెల్లడించారు. లాభం పరికరం మీద కాదు, దాని ద్వారా ఆ తర్వాత కొనే పుస్తకాలు, సినిమాల మీద వస్తుందన్నమాట. తిరునాళ్లలో లోపలికి ఉచితంగా రానిచ్చి, లోపల అన్నీ తన దుకాణాలే పెట్టుకున్న కాంట్రాక్టరు పద్ధతి ఇది. అలాంటప్పుడు పక్కవాని దుకాణానికి దారి చూపాలని అతను అనుకోడు. యాప్‌లపై ఆంక్షలకు మూలం ఇదే.

ఇందులో మోసమేమీ లేదు. ఆ సంస్థ పుస్తకాలే చదవదలచిన వారికి ఆ పరికరం లాభసాటి బేరమే. చిక్కల్లా వేరే చోటి పుస్తకాలు, అందునా ఉచిత గ్రంథాలయాల పుస్తకాలు, అందునా తెలుగు పుస్తకాలు కావలసిన వారికే.

తాళాలు నాలుగు

పాఠకుడు 'ఎక్కడం లేదు' అన్నప్పుడు అడ్డుపడుతున్నది ఏ తాళమో తెలిస్తే సగం సమస్య తీరినట్లే. స్థూలంగా నాలుగు తాళాలున్నాయి.

దుకాణం తాళం: పరికరంలో ఉన్న యాప్ దుకాణంలో లేని యాప్‌ను నేరుగా వేసుకోలేకపోవడం. యువకునికి ఎదురైంది ఇదే. దీనికి చాలా సందర్భాల్లో పక్కదారి ఉంది. ఆ విషయం ముందు చూద్దాం.

పుస్తకం తాళం: యాప్ ఉన్నా, ఫైలు చేతిలో ఉన్నా పుస్తకం తెరుచుకోకపోవడం. కొన్న పుస్తకాన్ని ఇతరులకు పంచకుండా ప్రచురణకర్తలు ఫైలుకే సాంకేతిక రక్షణ పెడతారు. ఒక సంస్థ వద్ద కొన్నది మరో సంస్థ పరికరంలో తెరుచుకోదు. పైగా ఇలా కొనేది పుస్తకాన్ని కాదు, చదువుకునే అనుమతిని మాత్రమే. 2009 జులైలో జార్జ్ ఆర్వెల్ రచనలు రెండింటిని హక్కులు లేనివారు అమ్మారని తేలడంతో, కొనుక్కున్న పాఠకుల కిండిల్ పరికరాల నుంచి అమెజాన్ వాటిని దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది. విమర్శలు వెల్లువెత్తడంతో బెజోస్ క్షమాపణ చెప్పారు. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్ ద్వారా పరికరంలోకి ఎక్కించుకునే వెసులుబాటును కూడా ఆ సంస్థ ఎత్తివేసింది. మన సొంత పీడీఎఫ్ ఫైళ్లను పంపుకోవడానికి మాత్రం ఇబ్బంది లేదు.

యాజమాన్యం తాళం: పాఠశాలో, కంపెనీయో పంచిన ట్యాబ్‌లలో తాము అనుమతించినవి తప్ప వేరేవి నడవకుండా పెట్టే నియంత్రణ. దీనిని తీసే అధికారం ఆ యాజమాన్యానికే ఉంటుంది. ట్యాబ్‌ను మొదటి స్థితికి తెచ్చినా ఇంటర్నెట్‌కు కలపగానే తాళం తిరిగి పడేలా కొన్నింటిలో ఏర్పాటు ఉంటుంది.

వయసు తాళం: ట్యాబ్ పాతబడి, దానిలోని ఆండ్రాయిడ్‌కు కొత్త యాప్‌లు సరిపడకపోవడం. ఆండ్రాయిడ్ 4.4 ఉన్న పరికరాలకు గూగుల్ తన సేవల మద్దతును 2023 ఆగస్టు నుంచి నిలిపివేసింది. పదేళ్ల కిందటి ట్యాబ్ తెర ఎంత మెరుస్తున్నా కొత్త యాప్ ఎక్కకపోవడానికి కారణం ఇది. దీనికి సాధారణ వినియోగదారు చేయగలిగింది స్వల్పం.

అమెరికా గ్రంథాలయాలు పడిన పాట్లు

ఈ చిక్కు మనకు కొత్త కావచ్చు గాని అమెరికాలోని పౌర గ్రంథాలయాలు దీనిని పదిహేనేళ్ల కిందటే చవిచూశాయి. అక్కడి గ్రంథాలయాలు ఓవర్‌డ్రైవ్ అనే సంస్థ ద్వారా సభ్యులకు ఎలక్ట్రానిక్ పుస్తకాలు గడువు పెట్టి అరువిస్తాయి. పండుగ కానుకగా కొత్త పరికరం అందుకున్నవారు మరునాడే దానిని పట్టుకుని గ్రంథాలయానికి వచ్చేవారు. నూక్ కలర్ తొలినాళ్లలో ఓవర్‌డ్రైవ్ యాప్‌ను నేరుగా వేసుకునే వీలు లేకపోయింది. కంప్యూటర్‌లో అడోబ్ సంస్థ సాఫ్ట్‌వేర్ వేసుకుని, పుస్తకాన్ని అందులోకి దింపి, కేబుల్ ద్వారా పరికరంలోకి పంపవలసి వచ్చేది. కంప్యూటర్ లేని వృద్ధులకు ఈ తతంగం అర్థమయ్యేలా చెప్పే భారం గ్రంథపాలకులపై పడింది.

కిండిల్ వారికి ఆ దారి కూడా ఉండేది కాదు. 2011 సెప్టెంబరులో ఓవర్‌డ్రైవ్‌తో ఒప్పందం కుదిరాకే 11 వేలకు పైగా అమెరికా గ్రంథాలయాల పుస్తకాలు కిండిల్‌లోకి వచ్చాయి. ఆ సదుపాయం అమెరికా గ్రంథాలయాలకే పరిమితం. నూక్ ట్యాబ్‌లకు 2013 మేలో ప్లే స్టోర్‌ను జోడించి ఆ సంస్థ తన తలుపులు తనే తెరిచింది. ఓవర్‌డ్రైవ్ 2017లో లిబ్బీ అనే కొత్త యాప్ తెచ్చి, పాత యాప్‌ను 2023లో నిలిపివేసింది. నేర్పిన పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వచ్చింది.

ఈ అనుభవం నుంచి మనం గ్రహించవలసింది ఒకటుంది. పరికరాల కంపెనీలు మారుతుంటాయి, యాప్‌లు పుడుతుంటాయి, పోతుంటాయి. వాటి వెంట పరుగెత్తే పని పాఠకునికి వదిలేస్తే అతను మధ్యలోనే చదువు మానుకుంటాడు. ఆ దారి చెప్పే మనిషి ఒకరు గ్రంథాలయంలో ఉండాలి.

పొరుగు రాష్ట్రంలో ట్యాబ్‌ల అనుభవం

తెలుగునాట పెద్దయెత్తున తాళం వేసిన ట్యాబ్‌లు పంచిన ఘట్టం ఆంధ్రప్రదేశ్‌లో చోటుచేసుకుంది. 2022 డిసెంబరు 21న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లోని 8వ తరగతి విద్యార్థులకు, వారికి బోధించే ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీని ప్రారంభించింది. దాదాపు 5.18 లక్షల ట్యాబ్‌లు ఇస్తున్నట్లు ప్రకటించింది. బైజూస్ సంస్థ పాఠాలను వాటిలో ముందే నింపారు. ఇంటర్నెట్ లేని ఊళ్లలోనూ పాఠాలు వినేలా ఏర్పాటు చేశారు. అవాంఛనీయమైనవి పిల్లల కంట పడకుండా ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో నియంత్రణ పెట్టారు. 2023 డిసెంబరు 21న రెండో విడత పంపిణీ మొదలైంది.

దుకాణం తాళానికీ దీనికీ తేడా గుర్తించాలి. ఇది వ్యాపారం కోసం వేసింది కాదు, పిల్లల రక్షణ కోసం వేసింది. దాని అవసరాన్ని కాదనలేం. అయినా కొన్నిచోట్ల విద్యార్థులు తాళాలు తీయించుకుని ఆటలు, వీడియోలు చూస్తున్నారని అప్పట్లో పత్రికల్లో వార్తలొచ్చాయి. ఆ తర్వాత 2024 జులైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ అనుమతించింది. ఒక్క సంస్థ పాఠాలపైనే ఆధారపడితే ఆ సంస్థ బాగోగులతో చదువరుల బాగోగులు ముడిపడిపోతాయన్నది దీన్నిబట్టి తెలుస్తోంది. ఏ తాళం వేసినా పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, ఉచిత గ్రంథాలయాలు తెరుచుకునే కిటికీ ఒకటి ఉంచడం వివేకం.

తెలుగు చదువరికి అదనపు చిక్కు

ఆంగ్ల పుస్తకాలు చదివేవారికి లేని ఇబ్బంది తెలుగువారికి మరొకటుంది. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణంలోకి అయిదు భారతీయ భాషల పుస్తకాలను తీసుకువచ్చారు. అవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ అయిదింటిలో తెలుగు లేదు. తెలుగు ఈ-పుస్తకాల కోసం 2010లో మొదలైన కినిగె వంటి ప్రయత్నాలు మన ప్రచురణకర్తలను, పాఠకులను ఈ దారి పట్టించాయి. అయితే అలాంటి పుస్తకాలకు ప్రత్యేక యాప్ అవసరమైనప్పుడు పైన చెప్పిన దుకాణం తాళం అడ్డుపడుతుంది.

ఇక అక్షరాల సంగతి. మన అచ్చు పరిశ్రమ చాలాకాలం అను వంటి ఫాంట్లపై నడిచింది. ఆ ఫాంట్‌తో టైపు చేసిన ఫైలును అలాగే పంపితే, ఆ ఫాంట్ లేని పరికరంలో తెలుగు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో ఉన్న ఫైలు, లేదా పీడీఎఫ్‌గా మార్చిన ఫైలు అయితే ఈ బాధ ఉండదు.

పీడీఎఫ్‌తో వేరే తలనొప్పి. ఉచితంగా దొరికే పాత తెలుగు గ్రంథాల్లో అధికభాగం పుటలను ఫొటో తీసినట్లు స్కాన్ చేసినవే. ఆరంగుళాల ఈ-రీడర్‌లో తెరిస్తే పేజీ అంతా ఆ చిన్న తెరలోకి కుదించుకుపోయి అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. పెద్దవి చేస్తే ప్రతి పంక్తికీ తెరను అటూ ఇటూ జరుపుకోవాలి. స్కాన్ పుస్తకాలు చదవదలచినవారికి కనీసం పది అంగుళాల తెర ఉన్న ట్యాబ్ అనువైనది. ఈపబ్ అనే రకం ఫైలులో అక్షరాన్ని పెద్దది చేస్తే పంక్తులు వాటంతటవే సర్దుకుంటాయి. చిన్న తెర ఉన్నవారు ఈపబ్ రూపంలో దొరికేవి ఎంచుకోవాలి. కిండిల్‌కు ఈపబ్ ఫైలును పంపుకునే సౌకర్యం 2022 నుంచి ఉంది.

యాప్ లేకున్నా దారి ఉంది

దుకాణం తాళం పడిన ట్యాబ్ పనికిరాదని పారేయనక్కర లేదు. యాప్ అడిగే గ్రంథాలయాల్లో చాలావాటికి వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. ట్యాబ్‌లో బ్రౌజర్ ఉంటే చాలు.

* జాతీయ డిజిటల్ గ్రంథాలయం: ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తోంది. 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. పాఠశాల స్థాయి నుంచి పోటీ పరీక్షల వరకు అంశాలవారీగా వెతుక్కోవచ్చు. బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది.

* తెలుగు వికీసోర్స్: హక్కుల గడువు తీరిన, లేదా రచయితలు స్వేచ్ఛగా ఇచ్చిన తెలుగు గ్రంథాలను స్వచ్ఛంద కార్యకర్తలు యూనికోడ్‌లో టైపు చేసి ఉంచుతున్నారు. ఇక్కడి పుస్తకాలను ఈపబ్‌గానూ దింపుకోవచ్చు. చిన్న తెర వారికి ఇది వరం.

* ఇంటర్నెట్ ఆర్కైవ్: 2000 దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద మన గ్రంథాలయాల్లోని పుస్తకాలను స్కాన్ చేశారు. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ ఇందులో పాలుపంచుకుంది. ఆ పుస్తకాల ప్రతులు ఇక్కడ ఉన్నాయి.

* తిరుమల తిరుపతి దేవస్థానం: తన ప్రచురణలను ఉచితంగా చదువుకునేలా వెబ్‌సైట్‌లో ఉంచింది.

* పాఠ్యపుస్తకాలు: జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పుస్తకాలు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలదీ అదే తీరు. పోటీ పరీక్షలకు పునాది ఈ పుస్తకాలే కనుక అభ్యర్థులు ముందుగా వీటిని సేకరించుకోవడం మేలు.

* సుగమ్య పుస్తకాలయ: అచ్చు చదవలేని దివ్యాంగుల కోసం 2016 ఆగస్టులో ప్రారంభమైంది. చూపు లేనివారు పేరు నమోదు చేసుకుని వినదగిన రూపంలో పుస్తకాలు పొందవచ్చు. ఇలాంటి పాఠకులకు ట్యాబ్ కొనేముందు అది తెలుగును పైకి చదివి వినిపిస్తుందో లేదో తప్పక పరీక్షించాలి.

ట్యాబ్‌లో ఇంటర్నెట్ సరిగా అందకపోతే కంప్యూటర్‌లో ఫైలు దింపుకుని కేబుల్ ద్వారా ఎక్కించుకోవచ్చు. అడవి అంచు గ్రామాల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండేవారికి ఇదే నమ్మకమైన పద్ధతి. వారానికొకసారి మండల కేంద్రానికి వచ్చినప్పుడు పది పుస్తకాలు నింపుకుని వెళితే సరిపోతుంది.

తాళం పగలగొట్టవచ్చా?

కొన్ని ట్యాబ్‌ల సెట్టింగుల్లో 'బయటి యాప్‌లను అనుమతించు' అన్న అర్థం వచ్చే అంశం ఉంటుంది. సంస్థే ఇచ్చిన ఆ వెసులుబాటు వాడుకోవడం తప్పు కాదు. అయితే యాప్ ఫైలును దాని తయారీదారు సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. ఎవరో పంపిన లింకు, వాట్సప్‌లో వచ్చిన ఫైలు నొక్కితే బ్యాంకు ఖాతాకే ఎసరు రావచ్చు. ట్యాబ్‌లో ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

పుస్తకం తాళం విషయం వేరు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టంలోని 65-ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. అదే ఏడాది సవరణలో దివ్యాంగులు చదువుకోగలిగిన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకునేందుకు మినహాయింపు ఇచ్చారు. గ్రంథాలయ సిబ్బంది ఎట్టి పరిస్థితుల్లోనూ పాఠకుని కోసం పుస్తకం తాళం తీసే పనికి పూనుకోరాదు. టెలిగ్రామ్ బృందాల్లో తిరిగే దొంగ పీడీఎఫ్‌లను సూచించడమూ సరికాదు.

యాజమాన్యం తాళం ఉన్న ట్యాబ్ అమ్మకానికి వచ్చిందంటే అది ఎవరి సొత్తో ముందు ఆలోచించాలి. ప్రభుత్వ ముద్ర, పాఠశాల పేరు, తెరపై సంస్థ గుర్తు కనిపిస్తే ఎంత చౌకైనా కొనకపోవడం ఉత్తమం.

గ్రంథపాలకుడు అడగవలసిన అయిదు ప్రశ్నలు

గ్రంథాలయం అంటే అలమారాలకు కాపలా కాదు. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో ఒకటి పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. ట్యాబ్ పట్టుకుని వచ్చిన పాఠకునికి 'మాకు తెలియదు' అని చెప్పి పంపితే అతని కాలమూ, సొమ్మూ రెండూ వృథా అవుతాయి. అలాగని సిబ్బంది ప్రతి పరికరంలోనూ నిపుణులు కానక్కర లేదు. ఈ అయిదు ప్రశ్నలు వరుసగా అడిగితే చాలు.

1. మీకు కావలసింది ఏ పుస్తకం? పరికరం సంగతి తర్వాత. కావలసిన పుస్తకం అలమారాలోనే ఉండవచ్చు.

2. ఈ పరికరం ఎవరు తయారుచేశారు? ఇందులో ఏ యాప్ దుకాణం ఉంది? దీనితో అది ఏ రకమో తెలిసిపోతుంది.

3. బ్రౌజర్ తెరుచుకుంటోందా? తెరుచుకుంటే యాప్‌తో పనిలేకుండానే సగం అవసరాలు తీరుతాయి.

4. కేబుల్ పెడితే కంప్యూటర్‌లో కనిపిస్తోందా? కనిపిస్తే పీడీఎఫ్, ఈపబ్ పంపుకోవచ్చు.

5. కొని ఎన్ని రోజులైంది? తిరిగి ఇచ్చే గడువు ఉంటే, పనికిరాని పరికరంతో కుస్తీ పట్టేకన్నా వాపసు చేయమని చెప్పడమే సరైన సలహా.

ఇన్ని అడిగాక కూడా కుదరకపోతే 'ఈ ట్యాబ్‌లో ఇది రాదు, తప్పు మీది కాదు' అని సూటిగా చెప్పాలి. ఈ ఒక్క మాట లేకనే ఎందరో చదువరులు తమకు తెలివి చాలదనుకుని వెనుదిరుగుతున్నారు. వచ్చిన ప్రతి పరికరం పేరు, అందులో ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే తర్వాతి పాఠకునికి అదే మార్గదర్శి. పాఠకుని పాస్‌వర్డ్ మాత్రం సిబ్బంది అడగరాదు, రాసుకోరాదు. పాఠకుని చేతనే టైపు చేయించాలి.

ఇది అదనపు సేవ కాదా అని ఎవరైనా అనవచ్చు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం చెల్లించే ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. ఉప్పునుంతల రైతు ఇంటిపన్నులోనూ ఆ వాటా ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసిన నాటి నుంచి ఈ గడ్డపై గ్రంథాలయమంటే చదువుకు నోచుకోని వారికి తోడ్పాటు అనే అర్థం. ఆనాడు అక్షరం రానివారికి పత్రిక చదివి వినిపించిన సంప్రదాయం మనది. ఈనాడు ట్యాబ్ తెరవడం రానివారికి తెరిచి చూపడం ఆ పనికి కొనసాగింపే. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, ముగ్గుల పోటీలతో పాటు ఒక పూట 'మీ ట్యాబ్ తెండి, పుస్తకం ఎక్కించుకోండి' అన్న కార్యక్రమం పెట్టేందుకు నాగర్‌కర్నూల్ జిల్లా గ్రంథాలయ సంస్థ యోచిస్తే పాఠకులకు మేలు చేసినట్లవుతుంది. ఇందుకు ఒక కంప్యూటర్, రెండు మూడు రకాల కేబుళ్లు, ఓపిక గల మనిషి ఉంటే చాలు.

కొనేముందు ఇవి చూడండి

* అమ్మేవాని ఎదుటే ట్యాబ్‌ను ఇంటర్నెట్‌కు కలిపి ప్లే స్టోర్ ఉందో లేదో చూడాలి.
* మీకు కావలసిన యాప్ ఒకటి అక్కడే వేయించుకుని, తెరిచి చూడాలి.
* సెట్టింగుల్లో ఆండ్రాయిడ్ సంఖ్య చూడాలి. మరీ పాతదైతే వద్దు.
* పాత యజమాని ఖాతాను తొలగించి, మీ ఖాతాతో తెరిచాకే డబ్బు చేతికివ్వాలి.
* ఒక తెలుగు పీడీఎఫ్ తెరిచి, అక్షరాలు కంటికి ఆనుతున్నాయో లేదో పరీక్షించాలి.
* కేబుల్ పెట్టి కంప్యూటర్‌లో కనిపిస్తోందో లేదో చూడాలి.
* రసీదు, వాపసు గడువు రాతపూర్వకంగా అడగాలి.

ఆ యువకునికి ఏమైంది?

గ్రంథపాలకుడు ముందుగా అడిగింది 'ఏ పుస్తకం కావాలి బాబూ' అనే. భారత రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర, ఆరు నుంచి పదో తరగతి వరకు సాంఘికశాస్త్రం పుస్తకాలు కావాలని యువకుడు చెప్పాడు. మొదటి రెండూ అలమారాలోనే ఉన్నాయి. సభ్యత్వం తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లను కంప్యూటర్‌లోకి దింపి కేబుల్ ద్వారా ట్యాబ్‌లోకి ఎక్కించారు. జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని బ్రౌజర్‌లో తెరిచి, మళ్లీ వెతుక్కోకుండా గుర్తు పెట్టి ఇచ్చారు. రోజువారీ నమూనా పరీక్షలు రాయాలనుకున్న యాప్ మాత్రం ఆ ట్యాబ్‌లో ఎక్కలేదు. అది ఇందులో రాదని గ్రంథపాలకుడు దాపరికం లేకుండా చెప్పారు. దానికి మిత్రుని ఫోన్ వాడుకుంటున్నాడు.

"నాలుగు వేలు మునిగినయనుకున్న సార్. మొత్తం మునగలే" అని ఆ యువకుడు 'విలేకరి'తో అన్నాడు. ముందే ఒకమాట అడిగి ఉంటే అదే సొమ్ముకు ప్లే స్టోర్ ఉన్న వాడిన ట్యాబ్ దొరికేదని కూడా అన్నాడు. కొనాలనుకునేవారు దుకాణానికి వెళ్లేముందు ఒకసారి గ్రంథాలయం మెట్లెక్కడం మంచిది. అక్కడ సలహాకు రుసుము లేదు.